వికీ శిక్షణకు వచ్చినవారు మళ్లీ ఎందుకు కనబడరు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: మీరు రెండేళ్లుగా తెలుగు వికీపీడియాలో రాస్తున్నారు. మిత్రులు కోరితే 30 మందికి ఒక రోజు శిక్షణ ఇచ్చారు. ఆ రోజు అందరూ ఉత్సాహంగా తలా ఒక కొత్త వ్యాసం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి అందులో సగానికి పైగా వ్యాసాలకు తొలగింపు మూస (ఈ వ్యాసాన్ని తొలగించాలని ప్రతిపాదించే పెట్టె) పడింది, 30 మందిలో ఒక్కరూ మళ్లీ లాగిన్ కాలేదు. లోపం మీరు చెప్పిన తీరులో ఉందా, వచ్చినవారి ఆసక్తిలో ఉందా అని అడుగుతున్నారు.

నేను పన్నెండేళ్లుగా ఇటువంటి శిక్షణలు నిర్వహిస్తున్నాను. మొదటి మూడు నాలుగు అచ్చంగా మీ శిక్షణలాగే ముగిశాయి కాబట్టి కొంత ధైర్యంగానే చెప్పగలను: మొదటి రోజు వారి చేతికి ఇచ్చిన పనిలోనే లోపం ఉంది. కొత్త వ్యాసం రాయడం వికీపీడియాలో అన్నిటికంటే కష్టమైన పని. ఆ విషయానికి తగిన ప్రాముఖ్యత ఉందో లేదో తేల్చుకోవాలి, దానితో సంబంధం లేనివారు రాసిన మూలాలు వెతకాలి, చదివినదాన్ని సొంత వాక్యాల్లో చెప్పాలి, తటస్థంగా చెప్పాలి, విభాగాలుగా అమర్చాలి, ఇతర వ్యాసాలతో లింకులు కలపాలి, వర్గాల్లో చేర్చాలి. ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలో చేయమనడం ఓనమాలు దిద్దించిన రోజునే పద్యం అల్లమన్నట్లు ఉంటుంది. కొత్తవారు ఆ రోజుకు ఏదో ఒకటి రాసి ప్రచురించు బొత్తాం నొక్కుతారు, మనం చప్పట్లు కొడతాం. ఆ తర్వాత దాన్ని సరిదిద్దవలసిన భారం ఆ శిక్షణ సంగతే తెలియని పాత వాడుకరుల మీద పడుతుంది.

ముందు శిక్షణకు ముందరి వారం గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే చాలా శిక్షణలు ఉదయం పదకొండు గంటలకే చెడిపోతాయి. ఒకే ఐపీ చిరునామా నుంచి ఒక రోజులో ఆరు ఖాతాలు మాత్రమే సృష్టించగలమన్న పరిమితి ఉంది. 30 మంది ఒకే వైఫై మీద కూర్చుని ఖాతాలు తెరవబోతే ఏడో వ్యక్తి దగ్గర బండి ఆగిపోతుంది. ఆ పరిమితిని ఆ రోజుకు సడలించమని ముందుగా అభ్యర్థించే మార్గం ఉంది గానీ, అందరినీ రెండు మూడు రోజుల ముందే ఇంటి దగ్గర ఖాతా తెరుచుకుని రమ్మనడం అంతకంటే సులభం. ఖాతా తెరిచేటప్పుడు ఈమెయిలు చిరునామా ఇవ్వడం తప్పనిసరి కాదు. అందువల్లనే చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు, వారం తర్వాత సంకేతపదం మరచిపోతారు, దాన్ని తిరిగి పొందే దారి లేక అక్కడితో ఆగిపోతారు. మనం ఆసక్తి లేదనుకున్నవారిలో కొందరి అసలు కథ ఇదే. ఒక సంస్థ పేరుతో ఒకే ఖాతా తెరిచి పదిమంది పంచుకోవడం కూడా కుదరదు. ఒక ఖాతా ఒక మనిషిదే కావాలి. శిక్షణ జరిగే చోట ఉన్న నెట్‌వర్కు నుంచి మీరే ఒకసారి లాగిన్ అయి ఒక దిద్దుబాటు చేసి చూడండి. కొన్ని నెట్‌వర్కుల ఐపీ శ్రేణులు అప్పటికే నిరోధంలో ఉంటాయి, అంటే అక్కడి నుంచి దిద్దుబాట్లు కుదరవు, ఆ సంగతి అందరి ముందు బయటపడితే ఆ రోజంతా సంజాయిషీలతోనే గడుస్తుంది.

తెలుగులో టైపు చేయడం వేరే సంగతి. ఫోనులో రోజూ సందేశాలు రాసేవారు కూడా కంప్యూటరు మీటల ముందు తడబడతారు. వికీలోనే ఉన్న టైపింగు సౌకర్యంలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే లిప్యంతరీకరణ పద్ధతీ, నేరుగా తెలుగు మీటల అమరికైన ఇన్‌స్క్రిప్టు పద్ధతీ రెండూ ఉన్నాయి. వచ్చినవారికి ఏది అలవాటైతే అది ఎంచుకోనివ్వండి. ఏది శాస్త్రీయమన్న చర్చ మాత్రం పెట్టకండి, అది తెగదు. టైపింగు ఇంకా రానివారిని ఈ శిక్షణకు పిలవకుండా, వారికి వేరే రోజు రెండు గంటలు కేటాయించడం మేలని అనుభవం మీద తెలుసుకున్నాను.

ఇక అసలు పని. మొదటి రోజుకు నేను ఇచ్చే పని ఒక్కటే: ఇప్పటికే ఉన్న వ్యాసంలో, మూలం లేని ఒక వాక్యానికి ఒక మూలం చేర్చడం. వినడానికి ఇది చప్పగా ఉంటుంది. దీనికి శిక్షకుడు చేయవలసిన తయారీ మాత్రం తక్కువ కాదు. నేను ముందుగా రెండు మూడు సాయంత్రాలు కూర్చుని, మూలాలు లేని వాక్యాలున్న ఓ ఇరవై వ్యాసాలు ఎంచుకుని, వాటికి ఆధారం దొరికే పుస్తకాలను గ్రంథాలయం నుంచి తెచ్చి బల్ల మీద పెడతాను. ఏ వాక్యం ఏ పుస్తకంలో ఉందో నాకు తెలిసినా చెప్పను. వచ్చినవారు విషయసూచిక చూసి, పుట వెతికి, వాక్యాన్ని పోల్చి, రచయిత, పుస్తకం, ప్రచురణకర్త, సంవత్సరం, పుట సంఖ్యలతో మూలం చేర్చాలి. ఆ తర్వాత దిద్దుబాటు సారాంశంలో తాము ఏం చేశారో నాలుగు మాటల్లో రాయాలి.

ఇందులో ఒక అందమైన చిక్కు వస్తుంది. వ్యాసంలో ఒక జనన సంవత్సరం ఉంటుంది, పుస్తకంలో ఇంకొకటి ఉంటుంది. లేదా వ్యాసంలో ఉన్న వాక్యానికి తెచ్చిన పుస్తకాలన్నిటిలోనూ ఆధారం దొరకదు. అప్పుడు ఆ వ్యక్తి తలెత్తి ఏం చేయమంటారని అడుగుతాడు. నేను రోజంతా ఎదురుచూసేది ఆ ప్రశ్న కోసమే. వికీపీడియాలో ఉన్నది నిజమేనని నమ్మి వచ్చిన మనిషి మొదటిసారి దాన్ని ప్రశ్నించాడు. నిర్ధారత్వం, అంటే రాసినదాన్ని మూలంతో సరిచూసుకునే వీలుండాలి అన్న నియమాన్ని అప్పుడు చెబితే రెండు నిమిషాల్లో అర్థమవుతుంది, పొద్దున్నే తెర మీద చూపించి ఉంటే అర్ధగంటకు కూడా అర్థమయ్యేది కాదు. రెండు ప్రామాణిక గ్రంథాలు రెండు సంవత్సరాలు చెబితే, మనకు తోచినదాన్ని ఉంచి రెండోదాన్ని చెరిపేయకుండా రెండింటినీ మూలాలతో పేర్కొనాలనీ, సందేహాన్ని ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చా పేజీలో రాయాలనీ అక్కడికక్కడే చేయించి చూపిస్తాను. చర్చా పేజీ అనేది ఒకటుందని చాలామందికి ఆ రోజే తెలుస్తుంది.

రెండో అభ్యాసం సొంత వాక్యాల్లో రాయడం. దీని మీద నేను మిగిలిన అన్నిటికంటే ఎక్కువ సమయం పెడతాను. 2011లో, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ పుణెలోని కళాశాలల్లో ప్రయోగాత్మకంగా ఒక విద్యా కార్యక్రమం నడిపింది. విద్యార్థులు తమ పాఠ్యాంశాల మీద ఇంగ్లీషు వికీపీడియాలో రాయాలి. పెద్ద సంఖ్యలో విద్యార్థులు చేరారు, వారిలో చాలామంది పుస్తకాల నుంచీ వెబ్‌సైట్ల నుంచీ పేరాలకు పేరాలు ఎత్తి పెట్టారు, దాన్ని ఏరివేయడం అక్కడి వాడుకరులకు పెద్ద పని అయి, ఆ ఏడాదే ఆ ప్రయోగాన్ని ఆపవలసి వచ్చింది. ఆ విద్యార్థులను తప్పుపట్టడం తేలిక. కానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు వచ్చే చదువులు చదివినవారికి, ఉన్నది ఉన్నట్టు రాయడమే ఇక్కడ నేరమని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తే ఎలా తలకెక్కుతుంది? దాన్ని చేతితో అలవాటు చేయించాలి.

నా పద్ధతి ఇది. ఒక పేరా చదవమంటాను. పుస్తకం మూయమంటాను. చదివినదాన్ని పక్కన కూర్చున్నవారికి నోటితో చెప్పమంటాను. చెప్పినదాన్నే రాయమంటాను. చివర పుస్తకం తెరిచి పేర్లు, సంవత్సరాలు, అంకెలు సరిచూసుకోమంటాను. నోటితో చెప్పేటప్పుడు ఎవరూ గ్రాంథిక సమాసాలు వాడరు, కర్మణి వాక్యాలు వాడరు, కాబట్టి కాపీహక్కుల బెడద తీరడంతోపాటు తెలుగు కూడా తెలుగులా వస్తుంది. విషయం మీద ఎవరికీ కాపీహక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుంది అన్న సూక్ష్మం ఈ అభ్యాసం తర్వాత విడిగా వివరించనక్కరలేదు. మనం రాసినది కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలవుతుంది. పేరు పేర్కొని, అదే లైసెన్సుతో ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఈ చివరి ముక్క ముందే చెప్పండి. తర్వాత తమ వాక్యాలు ఎక్కడో అచ్చులో చూసి మోసపోయామని బాధపడినవారు నాకు తెలుసు.

తటస్థ దృక్కోణానికి మన భాషలో ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. తెలుగు వికీపీడియా శైలిలో వ్యక్తుల గురించి ఏకవచనంలోనే రాస్తారు. శ్రీ, గారు వంటివి చేర్చరు. ఒక మహాకవి గురించి "జన్మించాడు" అని రాయమంటే కొత్తవారికి చెయ్యి రాదు, కొందరికి నిజంగానే కోపం వస్తుంది. ఈ విషయం దాటవేయవద్దు. పెద్దవారిని చిన్నబుచ్చే ఉద్దేశం ఇందులో లేదనీ, గౌరవవాచకం ఎవరికి పెట్టాలి, ఎవరికి మానాలి అన్న తీర్పు రాసేవారి చేతిలో పెడితే అదే పక్షపాతమవుతుందనీ నిదానంగా చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఒక చిన్న ఆట ఆడిస్తాను: పొగడ్తలతో నిండిన ఒక పేరా ఇచ్చి, సుప్రసిద్ధ, మహోన్నత, అశేష వంటి విశేషణాలన్నీ కొట్టేయమంటాను. మిగిలినదాంట్లో విషయం ఎంత ఉందో చూసి వారే నవ్వుకుంటారు. ఇటీవల, ప్రస్తుతం, గత ఏడాది వంటి మాటలను కూడా అప్పుడే పట్టిస్తాను, ఆ వాక్యాన్ని పదేళ్ల తర్వాత చదివేవారికి అవి ఏమీ చెప్పవు కదా.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఒక శిక్షణకు పక్షుల గురించి ఎంతో తెలిసిన ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. ఏళ్ల తరబడి ఉదయాన్నే లేచి పక్షులను చూసి, డైరీలో రాసుకునే మనిషి. ఒక పక్షి గూడు కట్టే పద్ధతి గురించి తాను స్వయంగా గమనించినదాన్ని ఇంటికి వెళ్లాక వ్యాసంలో నాలుగు చక్కని వాక్యాలుగా చేర్చాడు. గంట తిరక్కుండా ఒక వాడుకరి దాన్ని తిరగ్గొట్టాడు, అంటే రద్దు చేశాడు. సారాంశంలో రెండే మాటలు: మౌలిక పరిశోధన. నియమం ప్రకారం అది సరైన చర్యే, ఎందుకంటే ఎక్కడా ప్రచురితం కాని పరిశీలనకు వికీపీడియాలో చోటు లేదు. కానీ మౌలిక పరిశోధన అంటే ఆ మనిషికి పొగడ్తో తెగడ్తో తెలియదు. తనను అబద్ధాలకోరు అన్నారని అనుకున్నాడట. నాకు ఈ సంగతి నాలుగు నెలల తర్వాత ఇంకొకరి ద్వారా తెలిసింది. ఆ రోజు సాయంత్రమే నేను చూసి ఉంటే, ఈ పరిశీలనకు ఇక్కడ చోటు లేదు గానీ మీరు తీసిన ఫొటోలకు వికీ బొమ్మల భండారమైన కామన్స్‌లో చోటుంది, అవి వచ్చాక ఈ వ్యాసంలోనే కనిపిస్తాయి అని చెప్పేవాణ్ణి.

అప్పటి నుంచి, తిరగ్గొట్టడాన్ని మొదటి రోజే పాఠంగా పెడుతున్నాను. ముందుగా పేజీ చరిత్ర తెరిచి, పోయిందనుకున్నది ఏదీ నిజానికి పోదనీ, ప్రతి కూర్పూ అక్కడే ఉంటుందనీ చూపిస్తాను. తర్వాత నా సొంత దిద్దుబాట్లలో రద్దయినవాటిని చూపిస్తాను. వాటిలో ఒకటి రెండు నిజంగా సిగ్గుపడవలసినవే ఉన్నాయి, వాటినే ముందు చూపిస్తాను. ఆ తర్వాత ప్రతి ఒక్కరి దిద్దుబాటునూ నేనే ఒకసారి రద్దు చేసి, చర్చా పేజీలో కారణం అడగమంటాను. అడిగే పద్ధతి కూడా నేర్పాలి: ఎందుకు తీసేశారని నిలదీయకుండా, ఏ మూలం చేరిస్తే ఈ వాక్యం ఉంచవచ్చో చెప్పగలరా అని అడగాలి. ఇలా ఒకసారి ఆటగా జరిగినవారు, నిజంగా జరిగినప్పుడు లాగౌట్ అయి వెళ్లిపోరు.

అందరికీ వికీపీడియాయే సరిపోదన్న సంగతి ఆ బ్యాంకు ఉద్యోగి వల్ల నాకు తెలిసివచ్చింది. రాయడానికి బెరుకు ఉండి, చదవడంలో ఓపిక ఉన్నవారిని వికీసోర్స్‌కు పంపండి. అక్కడ కాపీహక్కులు తీరిన పుస్తకాల స్కాన్ పుట ఒక పక్క, యంత్రం గుర్తించిన పాఠ్యం ఇంకో పక్క ఉంటాయి. అక్షరదోషాలు దిద్దితే పుట రంగు ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది, ఇంకో వాడుకరి సరిచూసి ఆమోదిస్తే ఆకుపచ్చ అవుతుంది. ఒకే మనిషి రెండు పనులూ చేయకూడదు కాబట్టి ఇద్దరిని జతగా కూర్చోబెడితే స్నేహమూ కుదురుతుంది, పనీ సాగుతుంది. ఏ పుస్తకానికి హక్కులు తీరాయో మాత్రం శిక్షకుడే ముందు తేల్చుకోవాలి. భారతదేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి, మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్క. ఫొటోలు తీసేవారికి కామన్స్ సరే, కానీ వాణిజ్య వినియోగాన్ని నిషేధించే లైసెన్సులను అక్కడ అంగీకరించరని చెప్పండి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ మనది కాదని కూడా చెప్పవలసి వస్తుంది, నామోషీ పడకుండా చెప్పండి. మాటల మీద మమకారం ఉన్నవారికి వికీ నిఘంటువైన విక్షనరీ, దారులూ వీధులూ క్షుణ్ణంగా తెలిసినవారికి అందరూ కలిసి గీసే పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉన్నాయి. ఆ రెండోదానిలో అనుమతి లేని ఇతర పటాలను చూసి పేర్లు ఎక్కించడం నిషిద్ధం. కంటితో చూసినదే అక్కడ ఆధారం. స్వీయ పరిశీలన వికీపీడియాలో చెల్లదు, ఈ పటంలో అదే కావాలి.

అనువాద ఉపకరణం గురించి మీరు విడిగా అడిగారు. మొదటి నెలలో దాన్ని చూపించవద్దని నా సలహా. యంత్రం ఇచ్చిన తెలుగును దిద్దాలంటే, ఏది చెడ్డ వాక్యమో గుర్తించే చెవి ముందు కావాలి. కొత్తవారు అందులో వచ్చినదే వికీ భాష అనుకుని, తమ చక్కని తెలుగును కూడా దానికి తగ్గట్టు వంచుకుంటారు. కృత్రిమ మేధ రాసిచ్చే వ్యాసాలతో ఇంకో ప్రమాదం ఉంది: లేని పుస్తకాలకు ఉన్నట్లు పుట సంఖ్యలతో సహా మూలాలు ఇస్తుంది. మూలాన్ని పుస్తకం తెరిచి చేర్చడం మొదటి రోజే అలవాటైనవారు ఆ ఉచ్చులో పడే అవకాశం తక్కువ.

శిక్షణ అసలు జరిగేది ఆ తర్వాతి నాలుగు వారాల్లో. తరగతికి 30 మంది వద్దు, ఎనిమిది పదిమంది చాలు. ప్రతి ఐదుగురికీ ఒక సహాయకుడు ఉండాలి. వారి వాడుకరి పేర్లన్నీ రాసుకుని, వారి రచనల జాబితాను రోజూ ఒకసారి చూడండి. ఎవరైనా దిద్దుబాటు చేస్తే మరుసటి రోజులోపు వారి చర్చా పేజీలో (ప్రతి వాడుకరికీ అలాంటిది ఒకటి ఉంటుంది) ఒక వాక్యం రాయండి. స్వాగతం మూస అతికించి ఊరుకోకండి. మీరు ఫలానా వాక్యానికి చేర్చిన మూలం చూశాను, పుట సంఖ్య కూడా ఇస్తే ఇంకా బాగుంటుంది అన్నట్లు, ఆ మనిషి చేసిన పని గురించే రాయాలి. వారానికొకసారి ఒక గంట అందరూ ఆన్‌లైన్‌లో కలిసి, మాట్లాడటం తక్కువగా, దిద్దడం ఎక్కువగా గడపండి.

ఇలా చూసేవారు లేకపోతే ఏమవుతుందో 2020లో, స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషా వికీపీడియా విషయంలో బయటపడింది. ఆ భాష రాని ఒక అమెరికన్ యువకుడు, పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచీ మొదలుపెట్టి ఏళ్ల తరబడి, ఇంగ్లీషు వాక్యాల్లో అక్కడక్కడ మాటలు మార్చి వేల సంఖ్యలో వ్యాసాలు రాశాడు. అతనికి దురుద్దేశం లేదు. తొలినాళ్లలోనే ఎవరో ఒకరు పక్కన కూర్చుని, నాయనా, ఇది ఆ భాష కాదు అని చెప్పి ఉంటే సరిపోయేది. రద్దు చేసేవారు ఎక్కువైతే కొత్తవారు పారిపోతారు, చదివి చెప్పేవారే లేకపోతే ఇలా అవుతుంది. వాడుకరులు తక్కువగా ఉన్న భాషల్లో రెండో ప్రమాదమే పెద్దదని నేననుకుంటాను.

నిర్వాహకులకు మీరు ఇవ్వవలసిన నివేదిక గురించి ఒక మాట. శిక్షణకు వచ్చినవారి పనిని లెక్కగట్టే డ్యాష్‌బోర్డు ఎన్ని దిద్దుబాట్లు, ఎన్ని బైట్లు, ఎన్ని కొత్త వ్యాసాలు అని లెక్కలు ఇస్తుంది. ఆ అంకెలు నివేదికలో అందంగానే ఉంటాయి. వాటికి బహుమతులు పెడితే మాత్రం రెండు వాక్యాల మొలక వ్యాసాలు కుప్పలుగా వచ్చి పడతాయి. నేను లెక్కపెట్టేవి రెండు: ఐదో వారంలో, ఎవరూ గుర్తుచేయకుండా దిద్దుబాటు చేసినవారు ఎందరు? చర్చా పేజీలో అడిగినదానికి జవాబు రాసినవారు ఎందరు? పదిమందిలో ఇద్దరు ఈ రెండూ చేస్తే ఆ శిక్షణ బాగా జరిగిందనే నేను లెక్కవేస్తాను. డబ్బు ఇచ్చేవారికి ఈ ఇద్దరి లెక్క రుచించదు. అది ముందుగానే మాట్లాడుకుని ఒప్పించుకోవలసిన విషయం.

ఇంకో శిక్షణ పెట్టే ముందు పాత 30 మంది దగ్గరకే వెళ్లండి. తొలగింపు మూస ఉన్న వ్యాసాల్లో, ప్రచురిత మూలాలు దొరికే విషయాలు మీ లెక్కన ఓ ఐదారైనా ఉంటాయి. వాటిలో మూడింటిని ఎంచుకుని, మూలాలు మీరే వెతికి పెట్టుకుని, వ్యాసాన్ని మాత్రం మీరు దిద్దకుండా, రాసినవారినే పిలిచి పక్కన కూర్చుని దిద్దించండి. వారి చర్చా పేజీలో సందేశం పెడితే, ఈమెయిలు ఇచ్చినవారికి దాని గురించి సూచన వెళ్లే అవకాశం ఉంది. ఆ గడి ఖాళీగా వదిలేసినవారికి మాత్రం మీ హాజరు పట్టికలో రాసుకున్న ఫోను నంబరే దిక్కు.